కంచంలో పప్పు, చేతికి పెరుగు: ఒక స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్ భోజనం సీను ఎడిటింగ్

తెలుగింటి భోజనం సీనుకు గడియారం అక్కర్లేదు, కంచం చూస్తే చాలు. పప్పన్నం కలుపుతున్నాడంటే ఇప్పుడే కూర్చున్నాడు. చారు పోసుకుంటున్నాడంటే సగం అయిపోయింది. పెరుగన్నంలోకి వచ్చాడంటే ఇక చెయ్యి కడుక్కోవడమే తరువాయి. ఈ వరస ప్రేక్షకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ తింటున్నదే. ఈ ప్రాజెక్టు రషెస్ (ఎడిట్ చేయని ముడి షాట్లు) చూస్తుంటే నన్ను మొదట ఆపింది అదే. సీను మొదట్లో రావాల్సిన డైలాగు చెబుతున్న తండ్రి క్లోజ్‌లో (దగ్గరగా తీసిన షాట్‌లో) ఆయన వేళ్లకు పెరుగు అంటుకుని ఉంది. అదే డైలాగు మాస్టర్ షాట్‌లో (బల్ల, మనుషులు అంతా కనపడేలా తీసిన షాట్‌లో) చెప్పేటప్పుడు ఆయన ఇంకా పప్పులో నెయ్యి కలుపుకుంటున్నాడు.

గుంటూరులో మీడియా కోర్సు చదివే పిల్లల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు ఇది. పన్నెండు నిమిషాల సినిమా. బెంగళూరులో ఉద్యోగం వచ్చిన కూతురు వెళ్లనని చెబుతుంది, అంతే కథ. ఆ మాట ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడుతుంది. తండ్రీ కూతురూ బల్లకు ఎదురెదురుగా కూర్చుంటారు. తల్లి వంటింటి గుమ్మంలోంచి వచ్చి వడ్డించి మళ్లీ లోపలికి వెళ్తూ ఉంటుంది. సినిమా బరువంతా సుమారు నాలుగు నిమిషాల ఈ ఒక్క సీను మీదే ఉంది. నేను హైదరాబాద్‌లో యాడ్స్, వెబ్ సిరీస్‌లు ఎడిట్ చేస్తుంటాను. వాళ్ల లెక్చరర్ నాకు పరిచయం. ‘పిల్లలు టెన్షన్ పడుతున్నారు, ఒకసారి పక్కన కూర్చోండి’ అంటే వెళ్లాను. మౌస్ మాత్రం చివరిదాకా వాళ్ల ఎడిటర్ కుర్రాడి చేతిలోనే ఉంది. చెయ్యి నాదైతే పని త్వరగా తెమిలేది కానీ, మార్కులు అతనివి కదా.

మెటీరియల్ విషయానికొస్తే, ఒక సోనీ మిర్రర్‌లెస్ కెమెరాతో 4కెలో, సెకనుకు 25 ఫ్రేముల లెక్కన తీశారు. ఇన్‌సర్ట్‌లు (గిన్నెలు, చేతుల లాంటి విడి షాట్లు) కొన్ని ఫోన్‌తో తీశారు. సౌండ్‌కి చిన్న రికార్డరు, తండ్రి చొక్కాకు ఒక లేపల్ మైకు. అద్దెకు తెచ్చింది లైట్లు మాత్రమే. వాటిని కూడా ఎక్కువ వాడలేదు, కిటికీ వెలుతురు బాగుందని. షూటింగ్ రెండు ఆదివారాలు జరిగింది. మొదటి ఆదివారం పొద్దున మాస్టర్ షాట్, తండ్రి మిడ్ (నడుము పైనుంచి కనపడేది), తండ్రి భుజం మీంచి కూతురి సజెషన్, తల్లి షాట్లు తీశారు. తర్వాత యూనిట్ భోజనానికి బ్రేక్ ఇచ్చారు. తండ్రి వేషం వేసినాయన పరిషత్తు నాటకాల్లో ఆరితేరిన పెద్దాయన. సెట్ కోసం వండిన పప్పు, కూర అందరితో పాటు ఆయనా సుష్టుగా తిన్నారు. చొక్కా చేతులు పైకి మడిచి పెరట్లో చెయ్యి కడుక్కొచ్చారు. బ్రేక్ తర్వాత ఆయన క్లోజ్ పెట్టేసరికి గిన్నెల్లో మిగిలింది అన్నం, పెరుగు. దాంతోనే లాగించేశారు. మడిచిన చేతులు దించమని ఎవరూ చెప్పలేదు.

రెండో ఆదివారం కూతురి క్లోజ్. ఆ రోజు కిటికీలోంచి ఎండ నేరుగా లెన్స్‌లోకి కొడుతోందని కెమెరాను బల్లకు అవతలి పక్కకు మార్చారు. ఎండ సమస్య తీరింది, కానీ కెమెరా లైను, అంటే ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య మనం ఊహించుకునే గీత, దాటింది. మాస్టర్‌లో తండ్రి ఫ్రేముకు ఎడమ పక్కన కూర్చుని కుడికి చూస్తుంటాడు, కూతురు కుడి పక్కన కూర్చుని ఎడమకు చూస్తుంది. క్లోజుల్లో ఆయన కుడికే చూస్తున్నాడు, ఈ అమ్మాయీ కుడికే చూస్తోంది. ఒకదాని పక్కన ఒకటి అతికిస్తే ఇద్దరూ కలిసి ఎవరో మూడో మనిషిని చూస్తున్నట్టుంది.

దర్శకురాలు తన నోట్‌బుక్‌లో తప్పుల చిట్టా రాసుకుని వచ్చింది. రెండు పేజీలు నిండుగా ఉంది. మంచినీళ్ల గ్లాసులో నీళ్లు ఒక షాట్‌లో సగం, ఇంకో షాట్‌లో నిండా. ఆవకాయ జాడీ ఒకసారి ఎడమకు, ఒకసారి మధ్యకు. గోడ గడియారం. చొక్కా చేతులు. జడ. చూపులు. పెరుగు. అన్నిటికీ ఒకే సైజు అక్షరాలు, అన్నిటి పక్కనా ఒకే రకం ఎర్ర నక్షత్రం. ఏది ప్రాణం తీస్తుంది, ఏది ఎవరికీ పట్టదు అన్న తేడా ఆ కాగితం మీద లేదు. నా పని అక్కడ మొదలైంది.

క్లాప్ బోర్డు ఉంది కానీ దాని మీద నంబర్లు మధ్యాహ్నం నుంచి మార్చడం మానేశారు. కెమెరాలో తేదీ, టైము తప్పు. ఏ టేకు ముందో, ఏది తర్వాతో తేలక కుర్రాడు ఫైలు పేర్లు పట్టుకుని తంటాలు పడుతున్నాడు. దారి చూపించింది వాళ్ల వాట్సాప్ గ్రూపు. అసిస్టెంట్ డైరెక్టర్ అలవాటుగా ప్రతి సెటప్ ముందు బల్ల ఫొటో తీసి గ్రూపులో పడేశాడు. ఫొటో కింద పంపిన టైము ఉంటుంది. పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తే ఆ రోజు మొత్తం షూటింగ్ వరసగా కనిపించింది. పప్పు గిన్నె ఎప్పుడు ఖాళీ అయిందో కూడా.

దాన్ని ఆధారం చేసుకుని ఒక షీట్ తయారు చేయించాను. మామూలు ఎక్సెల్ షీటే. షాట్, టేకు, ఇన్ టైము, అవుట్ టైము ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన కంచంలో ఏముంది, ఏ చెయ్యి ఏం చేస్తోంది, చూపు ఎటు, ఫ్యాన్ తిరుగుతోందా లేదా, ఈ టేకులో నటన ఎలా ఉంది అన్న గడులు పెట్టించాను. చివరి గడి నింపడానికి కుర్రాడు మొదట తటపటాయించాడు. ‘బాగుంది’ అని అన్నిటికీ రాశాడు. అలా కుదరదు, ఒక్కో టేకుకు ఒక్క మాటైనా వేరేగా రాయమన్నాను. ‘అరుస్తున్నాడు’, ‘మర్చిపోయి గుర్తుతెచ్చుకున్నాడు’, ‘మింగుతున్నాడు’ అని రావడం మొదలైంది. ఎడిట్ నిజానికి ఆ గడిలోంచే పుట్టింది.

షీట్ అయ్యాక కంటిన్యుటీ (షాటుకూ షాటుకూ వస్తువులు, బట్టలు, కదలికలు సరిపోవడం) సంగతి పక్కన పెట్టి, ముందు నటన బట్టి మాత్రమే సీను పేర్చమన్నాను. చేతికి పెరుగు ఉన్నా సరే, గ్లాసు ఎగిరినా సరే. ఈ పద్ధతి అందరికీ నచ్చదు. ముందే మ్యాచ్ అయ్యే షాట్లు ఏరుకుంటే తర్వాత పని తగ్గుతుందని చాలామంది అంటారు. తగ్గే మాట నిజమే, సినిమా కూడా తగ్గుతుంది. మ్యాచ్ అయ్యే టేకులు సాధారణంగా నటుడు జాగ్రత్తగా చేసినవి, జాగ్రత్త కంటికి కనిపిస్తుంది.

ఈ సీనులో అది చాలా స్పష్టంగా ఉంది. పొద్దున తీసిన తండ్రి మిడ్‌లో చొక్కా చేతులు మాస్టర్‌తో సరిపోతాయి, కంచంలో పప్పే ఉంటుంది, చూపు కరెక్టు. కానీ పెద్దాయన నాటకం అలవాటుతో చివరి వరస కుర్చీకి వినపడేలా చెబుతున్నాడు. మధ్యాహ్నం క్లోజ్ వచ్చేసరికి కడుపు నిండి, కాస్త అలసట వచ్చి, గొంతు కిందికి దిగింది. అందులో ఒక టేకు ఉంది. కూతురు మాట విన్నాక ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపుతాడు. దించుతాడు. ముద్దను కంచంలో పెట్టి, వేలితో కొంచెం అదిమి, గుటక మింగి, ‘సరే’ అంటాడు. స్క్రిప్టులో ‘సరే’ ఒక్కటే ఉంది. మిగతాదంతా ఆయనదే.

“సార్, చేతులు మడిచి ఉన్నాయి సార్. మిడ్ అయితే పర్ఫెక్ట్‌గా మ్యాచ్ అవుతుంది” అంది దర్శకురాలు.

“మడిచి ఉంటే ఉండనీ అమ్మా. ఆ ముద్ద దించడం మిడ్‌లో ఉందా?”

“లేదు సార్. కానీ ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ చొక్కా పట్టుకుంటారు.”

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. వాళ్ల కోర్సులో కంటిన్యుటీకి విడిగా మార్కులు ఉంటాయి, నటనను ఎంచుకున్నందుకు ఉండవు. నేను అమెరికన్ ఎడిటర్ వాల్టర్ మర్చ్ లెక్క చెప్పాను. ఒక కట్ ఎందుకు వెయ్యాలి అన్నదానికి ఆయన ఆరు కారణాలు పెట్టి, ఒక్కోదానికి శాతాలు ఇచ్చాడు. భావానికి 51, కథకు 23, లయకు 10, ప్రేక్షకుడి కన్ను తెర మీద ఎక్కడుందన్నదానికి 7, తెర అనే చదును మీద కూర్పుకు 5, చివరగా గదిలో మనుషులు, వస్తువులు నిజంగా ఎక్కడున్నారన్న స్థల కంటిన్యుటీకి 4. మనం క్లాసులో మొదట నేర్చుకునే పాఠం ఆయన జాబితాలో చిట్టచివర ఉంది. ఆ శాతాలు తక్కెడలో తూచినవి కావు, ఆయనా అలా చెప్పలేదు. ఇరకాటంలో దేన్ని ముందు వదులుకోవాలో చెప్పే వరస అది.

ఆ వరసను మన సీనుకు పెట్టి చూస్తే దర్శకురాలి రెండు పేజీల చిట్టా తనంతట తానే విడిపోయింది. గ్లాసు, జాడీ, చొక్కా చేతులు చివరి 4లోకి పోయాయి. పెరుగు మాత్రం అక్కడికి పోదు. చూడటానికి అదీ బల్ల మీది వస్తువే. కానీ అది కథలో టైము చెబుతోంది. భోజనం మొదట్లో పెరుగు కనిపిస్తే ఈ మాటలు ఏ క్రమంలో జరిగాయో ప్రేక్షకుడికి అనుమానం వస్తుంది, అంటే అది 23లో ఉంది. చూపులు కూడా అంతే. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకపోతే భావమే చెడుతుంది. కాబట్టి యుద్ధం రెండింటి మీదే: కంచం, చూపు.

చూపు సంగతి చెబుతాను, నాకు ఎక్కువ ఇష్టమైన భాగం అది.

కుర్రాడికి మొదట తట్టిన ఉపాయం అందరికీ తట్టేదే. కూతురి క్లోజ్‌ని ఫ్లిప్ చేస్తే, అంటే అద్దంలోలా తిప్పేస్తే, కుడికి చూసే చూపు ఎడమకు మారుతుంది. ఒక్క క్లిక్కు. రాత్రి అలా చేసి నిశ్చింతగా పడుకున్నాడు. పొద్దున వాళ్లమ్మగారు కాఫీ ఇవ్వడానికి వచ్చి లాప్‌టాప్ చూసి అడిగిన మొదటి మాట, “ఆ పిల్లేంట్రా, ఎడం చేత్తో అన్నం కెలుకుతోంది?” ఫ్లిప్ చేస్తే కుడి చెయ్యి ఎడమ చెయ్యి అయిపోతుంది. వెనక గోడకున్న క్యాలెండరు మీద అక్షరాలు తిరగబడ్డాయి, ఎడమ భుజం మీదున్న జడ కుడి భుజం మీదికొచ్చింది. అవి ఎవరూ గమనించకపోవచ్చు. ఎడం చేత్తో తినడం మాత్రం మన ఇళ్లలో క్షణంలో పట్టేస్తారు. వేరే దేశపు పాఠ్యపుస్తకంలో ఫ్లిప్ గురించి రాసేవాళ్లకు ఈ సమస్య తోచకపోవచ్చు, మన భోజనం సీన్లకు మాత్రం ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే.

లైను దాటినప్పుడు వాడే మిగతా మార్గాలు ఉన్నాయి. మధ్యలో నేరుగా లైను మీద తీసిన షాటో, పైనుంచి తీసిన టాప్ షాటో వేస్తే ప్రేక్షకుడి దిక్కులు చెరిగిపోతాయి, ఆ తర్వాత కెమెరా కొత్త పక్కనుంచి మొదలవ్వచ్చు. పాత్ర నడిచినా, షాట్ నడుస్తుండగానే కెమెరా కదిలినా లైను మారుతుంది. కానీ మాకు వాటితో లాభం లేదు. కొత్త పక్కకు వెళ్లాక తండ్రి చూపు ఎడమకు ఉండాలి, అలాంటి షాట్ ఒక్కటీ లేదు. ఆయన క్లోజులన్నీ పాత పక్కనుంచి తీసినవే. ఆ ముద్ద దించే టేకు కూడా.

అప్పుడు షీట్‌లో ‘చూపు ఎటు’ గడిని సెటప్పుల వరసలో కాకుండా పాత్రల వరసలో సార్ట్ చేయించాను. తండ్రి కుడికి. కూతురు కుడికి. తల్లి, గుమ్మంలో నిలబడి, ఎడమకు. మాస్టర్‌లో వంటింటి గుమ్మం ఎక్కడుంది? ఫ్రేముకు కుడి చివర, కూతురి వెనక పక్కన. అంటే కూతురు కుడికి చూస్తే అటు తల్లి ఉంది. తల్లి ఎడమకు చూస్తే ఇటు కూతురు ఉంది. ఆ రెండు చూపులూ ఒకదానికొకటి అతికినట్టు సరిపోతాయి. తండ్రి కుడికి, కూతురి వైపు చూస్తూ ఉన్నాడు. లైను దాటనే లేదు! కూతురు తండ్రికి కాక తల్లికి చెబుతోంది, తండ్రి వింటున్నాడు, అంతే.

ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు. తర్వాత దర్శకురాలే అంది, “మా ఇంట్లో కూడా అంతే సార్. నాన్నకి చెప్పాల్సింది అమ్మతోనే చెబుతాం, ఆయన వినేలాగ.”

రెండో సగంలో కూతురి డైలాగులన్నీ తల్లి షాట్లతో జత చేశాం. అడ్డొచ్చింది ఒక్క మాట. ‘నేను వెళ్లను నాన్నా’ అని వాక్యం ఉంది. ‘వెళ్లను’ దగ్గర కట్ చేసి తల్లి ముఖానికి వెళ్లాం, ‘నాన్నా’ను సౌండ్‌లోంచి తీసేశాం. ‘నేను వెళ్లను’ అని మాత్రమే మిగిలింది. తల్లి ముఖం మీద ఏమీ జరగదు, ఆమె చేతిలో గరిటె పట్టుకుని అలా చూస్తుంటుంది. అది నిజానికి ఆమె కెమెరా ఆన్ అయ్యాక ‘యాక్షన్’ కోసం ఎదురుచూస్తున్న క్షణం. అక్కణ్ణుంచి తండ్రి ముద్ద టేకుకు కట్. ‘నాన్నా’ అన్న పిలుపు లేకపోవడం వల్ల ఆయన ‘సరే’ ఇంకా బరువెక్కింది. షూటింగ్‌లో లైను సరిగ్గా ఉండి ఉంటే ఈ వెర్షన్ ఎవరికీ తట్టేది కాదు, ఇద్దరూ ఎదురెదురుగా మాట్లాడుకునే మామూలు సీను అయ్యేది.

ఇక కంచం. సీనును మూడు ముక్కలుగా అనుకున్నాం: పప్పు వేళ, చారు వేళ, పెరుగు వేళ. పప్పు వేళలో తండ్రి క్లోజ్ పూర్తిగా నిషేధం. అక్కడ ఆయన డైలాగులు మాస్టర్‌లో చెబుతాడు, లేదా సజెషన్‌లో ఆయన వీపు, కూతురి ముఖం కనిపిస్తుంటే ఆయన గొంతు వినిపిస్తుంది. కావాలంటే ఆ గొంతును క్లోజ్‌లోని మంచి టేకు నుంచి తెచ్చి వీపు మీద వేసుకోవచ్చు, పెదాలు కనపడవు కదా. నాలుగైదు వాక్యాలు అలాగే మార్చాం, పొద్దుటి అరుపు తగ్గింది.

చారు వేళలో క్లోజ్ కావాలి, చెయ్యి కనపడకూడదు. 4కెలో తీయడం ఇక్కడ అక్కరకొచ్చింది. ఫ్రేము 3840 బై 2160 పిక్సెళ్లు, మేం ఎడిట్ చేసే టైమ్‌లైన్ 1920 బై 1080. అంటే రెట్టింపు దాకా జూమ్ చేసినా క్వాలిటీ పెద్దగా పోదు. ఒకటిన్నర రెట్లు పెంచి ఫ్రేమును పైకి జరిపితే కంచం, చెయ్యి కింద కోసుకుపోయాయి. ముద్ద నోటికి వచ్చే క్షణాల్లో మాత్రం తెల్లటి వేళ్లు ఫ్రేములోకి తోసుకొస్తాయి. ఆ లోపే కట్ చెయ్యాలి. దాంతో చారు వేళ కట్లకు వద్దన్నా ఒక తొందర వచ్చింది. మొదట నాకు అది ఇబ్బందిగానే అనిపించింది. వాదన వేడెక్కే చోటు అదే కాబట్టి సరిపోయింది.

పెరుగు వేళలో ఏ ఆంక్షా లేదు, క్లోజ్‌ని ఫుల్ ఫ్రేములో వదిలేశాం.

ఒక వేళ నుంచి ఇంకో వేళకు దాటించడానికి మాత్రం మా దగ్గర షాట్ ఏమీ లేదు. ఫోన్‌తో తీసిన ఇన్‌సర్ట్‌లలో చారు గిన్నె ఉంది, కానీ వంటింటి ట్యూబ్‌లైటు కింద ఫోన్ ఆటోలో ఉండటంతో ఫ్రేము నిండా చారలు పాకుతున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. షట్టరు వేగం దానికి సరిపోయేలా సెకనులో 1/50లోనో 1/100లోనో పెడితే ఈ గొడవ ఉండదు. సోనీ 1/50లో ఉంది కాబట్టి అది బతికింది. ఫోన్ ఫైళ్లకు ఇంకో జబ్బు కూడా ఉంది. ఫ్రేము రేటు నిలకడగా ఉండదు, సెకనుకు 30 అని చెప్పుకున్నా మధ్యలో తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. వాటిని స్థిరమైన రేటుకు కన్వర్ట్ చేయకుండా టైమ్‌లైన్ మీద పడేస్తే సౌండ్ మెల్లగా జారుతుంది. కన్వర్ట్ చేశాక కూడా 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో చెయ్యి కదలికలు జెర్క్ కొట్టాయి. చివరికి కదలిక లేని రెండు ఇన్‌సర్ట్‌లు ఉంచుకుని మిగతావి పక్కన పెట్టాం.

కాబట్టి ప్యాచ్ వర్క్, అంటే మళ్లీ కొంచెం షూటింగ్, తప్పలేదు. ఒకే ఒక్క షాట్, పైనుంచి కంచం. పప్పన్నం అయిపోయి అంచున కొంచెం ఆవకాయ నూనె మిగిలిన స్టీలు కంచం. కొత్త అన్నం పడుతుంది, గరిటెతో చారు పోస్తారు, చెయ్యి మధ్యలో గుంట చేసి కలపడం మొదలుపెడుతుంది. పెద్దాయన డేట్ దొరకలేదు. ఎడిటర్ కుర్రాడి మేనమామ చెయ్యి పెట్టాం. వయసు సరిపోయింది, పెద్దాయన ఉంగరం లాంటిదే ఇంకోటి వేలికి తొడిగాం. నేను అడిగింది ఒక్కటే, మోచేతి దాకా చొక్కా ఉండకూడదు, బోసి చెయ్యి కనపడాలి. ఎందుకంటే ఈ షాట్‌కు ముందు తండ్రి చేతులు దించి ఉంటాయి, తర్వాత మడిచి ఉంటాయి. చారులో చెయ్యి పెట్టబోయే మనిషి చొక్కా మడుచుకోవడం లోకంలో అతి మామూలు విషయం. మడుచుకునే క్షణం చూపించక్కర్లేదు, బోసి చెయ్యి ఒకసారి చూస్తే మిగతాది ప్రేక్షకుడే పూరించుకుంటాడు. దర్శకురాలి చిట్టాలో ఎర్ర నక్షత్రం ఉన్న చొక్కా చేతుల సమస్య అక్కడితో తీరిపోయింది.

గడియారం గురించి కొంచెం. తండ్రి క్లోజ్‌లో ఆయన చెవి పక్కనే గోడ గడియారం స్పష్టంగా ఉంది. మాస్టర్‌లో అది దూరంగా, మసకగా ఉంది కాబట్టి మాస్టర్‌కూ క్లోజ్‌కూ తేడా ఎవరికీ తెలియదు. ఇబ్బందల్లా క్లోజ్ టేకులను ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి కట్ చేస్తే ఒకే నిమిషంలో గడియారం అరగంట ముందుకెళ్లి మళ్లీ వెనక్కి రావడం. కెమెరా స్టాండు మీద కదలకుండా ఉంది కాబట్టి ఒక టేకులోంచి గడియారం బొమ్మను కోసి, మాస్క్ వేసి మిగతా టేకుల మీద అతికించాం. ముందు ప్యాచ్ వేసి, తర్వాత జూమ్ చెయ్యాలి. కుర్రాడు మొదట తిరగేసి చేస్తే ప్రతి షాట్‌లో గడియారం వేరే చోటుకు పోయింది. ఆయన తల గడియారానికి అడ్డొచ్చే చోట ప్యాచ్ తెగుతుంది. అలాంటి ఒకటి రెండు చోట్ల కట్ కాస్త ముందుకు జరుపుకున్నాం.

కూతురు లేచి వెళ్లిపోయే చోట మాకు చాలాసేపు పట్టింది. యాక్షన్ మీద కట్ చేస్తే కట్ కనపడదని అందరికీ తెలుసు: లేవడం మాస్టర్‌లో మొదలై క్లోజ్‌లో పూర్తవ్వాలి. కొత్త షాట్‌లో కదలికను రెండు మూడు ఫ్రేములు వెనక నుంచి మొదలుపెడితే, అంటే కొంచెం రిపీట్ చేస్తే, ఇంకా సాఫీగా ఉంటుంది. పుస్తకం ప్రకారం అంతా బాగుంది. కానీ మాస్టర్‌లో అమ్మాయి ఎంగిలి చెయ్యి గాల్లో ఎత్తి పట్టుకుని, ఎడం చేత్తో కుర్చీ వెనక్కి నెట్టుకుంటూ లేస్తుంది, మనందరం చేసినట్టే. రెండో ఆదివారం క్లోజ్‌లో లేచే టేకు తీసేసరికి కంచం ఖాళీ, చెయ్యి శుభ్రంగా ఉంది. అందుకని కుడి చెయ్యి బల్ల మీద ఆనించి లేచింది. ఎంగిలి చెయ్యి బల్లకు ఆనించడం చూస్తే నా కన్ను అక్కడే ఆగిపోయింది. కదలిక ఎంత బాగా కలిసినా లాభం లేదు. ఆ మ్యాచ్ కట్ వదిలేశాం. కుర్చీ గచ్చు మీద ఈడ్చుకున్న చప్పుడు తల్లి ముఖం మీద వినిపిస్తుంది, తల్లి కళ్లు పైకి లేస్తాయి, తర్వాత మాస్టర్‌లో అమ్మాయి అప్పటికే నిలబడి ఉంటుంది. చూపించని కదలికకు కంటిన్యుటీ అక్కర్లేదు.

సౌండ్ దగ్గర పిల్లలు కోరుకున్నదానికి ఉల్టా చెయ్యాల్సి వచ్చింది. మాస్టర్‌లో పైన ఫ్యాన్ తిరుగుతోంది, దాని గీగీ మోత ట్రాకులో ఉంది. క్లోజుల్లో సౌండ్ క్లీన్‌గా రావాలని ఫ్యాన్ ఆపారు. కట్ పడిన ప్రతిసారీ ఫ్యాన్ వచ్చి పోతోంది. బొమ్మల్లో ఎన్ని తప్పులున్నా చెవి ఒప్పుకుంటే కన్ను ఒప్పుకుంటుంది. చెవికి ఇలా తెగితే మాత్రం కట్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టే. కుర్రాడు మాస్టర్‌లోని ఫ్యాన్‌ను నాయిస్ రిడక్షన్‌తో తీసేయబోయాడు, పెద్దాయన గొంతు నీళ్లలోంచి వచ్చినట్టయింది. మురికి ట్రాకును శుభ్రం చేయడం కష్టం, శుభ్రమైన ట్రాకుకు ఆ మురికిని అద్దడం తేలిక. మాస్టర్ టేకుల్లో ‘యాక్షన్’ అనే ముందు అందరూ ఊపిరి బిగబట్టిన క్షణాలు ఉంటాయి. విడిగా రూమ్ టోన్ (ఎవరూ మాట్లాడనప్పటి గది చప్పుడు) రికార్డు చేయలేదు కాబట్టి వాటిని ఏరి, జోడించి, సీను మొత్తం కింద ఒకే ఫ్యాన్ పరిచాం. క్లోజుల్లో ఫ్యాన్ గాలికి కదలాల్సిన క్యాలెండరు కాగితం కదలదు. దాన్ని అలాగే వదిలేశాం.

దాని మీద డైలాగులను ముందుకీ వెనక్కీ లాగాం. తండ్రి మాట మొదలయ్యాక అర సెకను ఆగి ఆయన ముఖానికి వెళ్లడం, లేదా ఆయన మాట పూర్తవ్వకముందే వినేవాళ్ల దగ్గరికి వెళ్లడం. గొంతు ఒక షాట్ మీంచి ఇంకో షాట్ మీదికి నడుస్తుంటే ప్రేక్షకుడు మాట వెంట పోతాడు, బల్ల మీద ఏం మారిందో వెతకడు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉన్న షాట్లు డీఐలో (రంగులు సరిదిద్దే దశలో) సరిచేసుకోవచ్చు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. తల్లి ఎర్ర చీర ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ గోడ ఆకుపచ్చగా తిరిగేది, కీఫ్రేములతో (షాట్ నడుస్తుండగా రంగు ఎక్కడెక్కడ మారాలో పెట్టే గుర్తులతో) దారికి తెచ్చారు. పొద్దుటి వెలుతురుకు, మధ్యాహ్నపు వెలుతురుకు పోలిక గోడ రంగు బట్టి చూసుకున్నారు. ముఖాలు బట్టి చూసుకుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎడిట్ లాక్ చేసే ముందు కథ తెలియని హాస్టల్ స్నేహితులకు సీను వేసి చూపించారు. ముందుగా ఏమీ చెప్పొద్దనీ, ‘తప్పులు కనిపెట్టండి’ అని అసలు అనొద్దనీ షరతు పెట్టాను. అలా అంటే మనిషి సినిమా చూడటం మానేసి తప్పులు ఏరడం మొదలుపెడతాడు. చూశాక ‘ఏం జరిగింది?’ అని మాత్రం అడిగారు. కూతురు అమ్మతో చెబుతున్నట్టు నటించి నాన్నకు చెప్పిందని ఒకమ్మాయి అంది. గ్లాసులో నీళ్ల మాట, జాడీ మాట ఎవరూ ఎత్తలేదు. చొక్కా కూడా. ఒకబ్బాయి మాత్రం, ఆ పెద్దాయనకు కూర వెయ్యలేదేంటి అని అడిగాడు. నిజమే, పప్పు నుంచి నేరుగా చారుకు వెళ్లిపోయాం. కూర మాస్టర్‌లో ఉంది, ఆ ముక్క నిడివి కోసం తీసేశాం. తల్లి కూర గిన్నెతో గుమ్మం దాటే రెండు సెకన్ల షాట్ వెతికి, తండ్రి ‘వద్దు’ అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టడం మాస్టర్ చివర్లో దొరికితే, రెండూ అతికించాం. అది స్క్రిప్టులో లేదు.

దర్శకురాలు తన చిట్టాలో మిగిలిన నక్షత్రాలు కొట్టెయ్యలేదు, అలాగే ఉంచుకుంది. జాడీ ఇంకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వాళ్ల జూనియర్లు ఇప్పుడు ఇంకో ఇంట్లో భోజనం సీనే తీయబోతున్నారట, షీట్ అడిగితే పంపించారు. కంచం గడి కింద కుర్రాడు తనే ఒక లైను చేర్చాడు: సెట్ పప్పు, యూనిట్ పప్పు వేరువేరుగా వండించాలి, యూనిట్ భోజనాలు తండ్రి క్లోజ్ అయ్యాకే.